బ్యాంకు కస్టమర్ సర్వీస్ అసోసియేట్ ఉద్యోగం: ఏ నోటిఫికేషన్‌కు అప్లై చేయాలి, ఏ కాగితాలు కావాలి, ఎక్కడ మార్కులు పోతాయి?

కొండవీటి_వాగు:
నమస్కారం అండీ. బీకాం ఆఖరి సెమిస్టర్ పరీక్షలు అయ్యాయి, ఫలితాలు రాలేదు. వయసు 21, బీసీ-బి, గుంటూరు జిల్లా. బ్యాంకులో కౌంటర్ ఉద్యోగానికి దారులు ఎన్ని? ఐబీపీఎస్, ఎస్‌బీఐ, గ్రామీణ బ్యాంకు మూడూ ఒకటేనా? ఫలితాలు రాకముందే అప్లై చేయొచ్చా? ఒక ప్రైవేటు బ్యాంకు పేరు చెప్పి కన్సల్టెన్సీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు, దాని సంగతి కూడా చెప్పండి.

స్క్రోల్_బుక్:
ముందు పేరు సంగతి. 2024 మార్చి 8న బ్యాంకు యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ మధ్య 12వ ద్వైపాక్షిక ఒప్పందం కుదిరాక క్లర్కు పేరు కస్టమర్ సర్వీస్ అసోసియేట్‌గా మారింది. 2025 నుంచి ఐబీపీఎస్ నోటిఫికేషన్ కూడా ఆ పేరుతోనే వస్తోంది. పాత పుస్తకాల్లో "క్లర్క్" అని ఉంటుంది, పోస్టు అదే.

దారులు మూడు.

ఐబీపీఎస్: 11 ప్రభుత్వ బ్యాంకులకు ఉమ్మడి పరీక్ష. యూనియన్, కెనరా, ఇండియన్, బరోడా, పీఎన్‌బీ వగైరా. పాత ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది కాబట్టి మన వైపు యూనియన్ బ్రాంచీలు చాలా ఎక్కువ. బ్యాంకుల ప్రాధాన్య క్రమం ఇచ్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఆ ఏడాది మీ రాష్ట్రంలో ఒక్క ఖాళీ కూడా లేని బ్యాంకు సైతం జాబితాలో కనిపిస్తుంది. ఖాళీల పట్టిక చూశాకే క్రమం పెట్టండి.

ఎస్‌బీఐ: పరీక్ష వేరు, నోటిఫికేషన్ వేరు, పోస్టు పేరు జూనియర్ అసోసియేట్ (కస్టమర్ సపోర్ట్ అండ్ సేల్స్). ఒక్క రాష్ట్రానికే అప్లై చేయాలి. వేరే రాష్ట్రానికి బదిలీ ఉండదని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. "ముందు ఎక్కడో ఒకచోట చేరి తర్వాత మనూరికి వచ్చేద్దాం" అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

గ్రామీణ బ్యాంకు ఆఫీస్ అసిస్టెంట్: ఇది కూడా ఐబీపీఎస్సే నిర్వహిస్తుంది, పరీక్ష మాత్రం వేరు. 2025 మే 1 నుంచి రాష్ట్రానికి ఒకటే గ్రామీణ బ్యాంకు. ఏపీలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు, దాని స్పాన్సర్ (వెనక ఉండే పెద్ద బ్యాంకు) కెనరా. తెలంగాణలో తెలంగాణ గ్రామీణ బ్యాంకు, స్పాన్సర్ ఎస్‌బీఐ. వయసు 18 నుంచి 28. మిగతా రెండింటికీ 20 నుంచి 28. ఓబీసీకి 3, ఎస్సీ ఎస్టీలకు 5 ఏళ్ల సడలింపు.

ఇక ఫలితాల మాట. ఐబీపీఎస్‌కు రిజిస్టర్ చేసే రోజుకే డిగ్రీ పాసైనట్టు కాగితం చేతిలో ఉండాలి. మార్కుల శాతం కూడా అప్లికేషన్‌లోనే అడుగుతారు. ఎస్‌బీఐ ఆఖరి సెమిస్టర్ వాళ్లను తాత్కాలికంగా అనుమతిస్తుంది, నోటిఫికేషన్‌లో ఇచ్చిన తేదీలోపు పాసైనట్టు రుజువు చూపాలి. మీ పరిస్థితికి ఇదే అసలు తేడా.

మెమో_మాస్టారు:
పరీక్ష గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉంటారు, నేను కాగితాల దగ్గరే ఆగుతాను. మంచి ర్యాంకు వచ్చాక వెరిఫికేషన్‌లో పోవడం కన్నా నష్టం ఇంకోటి లేదు.

మొదటిది బీసీ సర్టిఫికెట్. బీసీ-ఎ, బి, సి, డి, ఇ అన్నవి రాష్ట్ర వర్గీకరణ. బ్యాంకులకు అది చెల్లదు. కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఉండాలి, ఆ జాబితా ఏపీకి వేరు, తెలంగాణకు వేరు. రాష్ట్రంలో బీసీ అయి కేంద్ర జాబితాలో లేని కులాలు ఉన్నాయి. వాళ్లు ఓబీసీ అని టిక్ పెడితే వెరిఫికేషన్‌లో అభ్యర్థిత్వమే రద్దవుతుంది. ఈడబ్ల్యూఎస్‌కు (రిజర్వేషన్ లేని వర్గాల్లో పేదల కోటా) అర్హత ఉందేమో చూసుకోవాలి, లేదంటే జనరల్‌లో పెట్టాలి. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది, మీ కులం పేరు అక్షరం అక్షరం పోల్చుకోండి.

జాబితాలో ఉంటే కావాల్సింది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల నమూనాలో, నాన్ క్రీమీ లేయర్ (ఎన్‌సీఎల్, అంటే ఓబీసీల్లో సంపన్న శ్రేణి కాదు అనే) వాక్యంతో ఉన్న ఓబీసీ సర్టిఫికెట్. మీసేవలోనో సచివాలయంలోనో "కులం సర్టిఫికెట్" అని అడిగితే రాష్ట్ర నమూనాదే చేతిలో పెడతారు. "సెంట్రల్ ఓబీసీ, ఎన్‌సీఎల్" అని స్పష్టంగా చెప్పి దరఖాస్తు చేయండి. సంతకం తహసీల్దారుదే, కాగితం మాత్రం వేరు. తేదీ కూడా చూసుకోండి, నోటిఫికేషన్‌లో ఇచ్చిన తేదీల మధ్య జారీ అయినదే తీసుకుంటారు. డిగ్రీలో చేరినప్పుడు తీసిన పాతది బీరువాలో ఉందని నిశ్చింతగా ఉండొద్దు.

ఆదాయ పరిమితి ఓబీసీకీ ఈడబ్ల్యూఎస్‌కీ 8 లక్షలే, లెక్కించే తీరు మాత్రం వేరు. ఓబీసీ క్రీమీ లేయర్ ఆదాయ పరీక్షలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. తల్లిదండ్రుల ఉద్యోగ హోదాను బట్టి విడిగా చూస్తారు. ఈడబ్ల్యూఎస్‌లో జీతం, వ్యవసాయం, వ్యాపారం అన్నీ కలుపుతారు, పైగా 5 ఎకరాలు, ఆపైన వ్యవసాయ భూమి ఉంటే అర్హతే లేదు.

రెండోది పేరు. మన దగ్గర ఇది పెద్ద తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఇనీషియల్ ఒక్కటే ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు చివరికి పోయి ఉంటుంది. కాల్ లెటర్ మీద పేరూ మీరు చూపే ఫొటో గుర్తింపు కార్డు మీద పేరూ అచ్చంగా ఒకటే ఉండాలన్నది నియమం. పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని ఆధార్‌ను దానికి సరిపోయేలా మార్పించండి, అదీ నోటిఫికేషన్ రాకముందే. పెళ్లయ్యాక పేరు మార్చుకున్న మహిళలు గెజిట్ నోటిఫికేషనో, మ్యారేజ్ సర్టిఫికెటో, అఫిడవిట్టో తీసుకెళ్లాలి. రేషన్ కార్డు, లెర్నర్స్ లైసెన్సు గుర్తింపుగా పనికిరావు.

మూడోది అప్‌లోడ్. ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20, ఎడమ బొటనవేలి ముద్ర 20 నుంచి 50, చేతిరాత డిక్లరేషన్ 50 నుంచి 100 కేబీ. సంతకం, డిక్లరేషన్ నల్ల ఇంకుతో తెల్లకాగితం మీద. డిక్లరేషన్ ఇంగ్లీషులో, మీ చేత్తోనే రాయాలి. సంతకం కానీ డిక్లరేషన్ కానీ మొత్తం పెద్దక్షరాల్లో ఉంటే ఒప్పుకోరు. ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి "నేను రాసేస్తాలే అన్నా" అంటాడు, రాయనివ్వొద్దు. చేరేటప్పుడు చేతిరాత పోల్చి చూస్తారు.

పావు_మార్కు:
పరీక్ష సంగతి నేను చెప్తా.

ఐబీపీఎస్, ఎస్‌బీఐ రెండింటికీ ప్రిలిమ్స్ ఒకే తీరు. ఇంగ్లీషు 30, న్యూమరికల్ 35, రీజనింగ్ 35, మొత్తం 100 ప్రశ్నలు, 100 మార్కులు. ఒక్కో విభాగానికి విడిగా 20 నిమిషాలు. ఒకదాంట్లో మిగిలిన టైము ఇంకోదానికి వాడుకోలేరు. తప్పుకు పావు మార్కు కోత. ఐబీపీఎస్‌లో ప్రతి విభాగంలోనూ కటాఫ్ దాటాలి, ఎస్‌బీఐ ప్రిలిమ్స్‌లో విభాగాల వారీ కనీస మార్కులు లేవు, మొత్తం మీదే చూస్తారు. ఇంగ్లీషు బలహీనంగా ఉండి లెక్కల్లో దూసుకుపోయేవాళ్లకు ఎస్‌బీఐ ప్రిలిమ్స్ కాస్త అనుకూలం అనేది ఇందుకే.

లెక్కల్లో 35 ప్రశ్నలకు 20 నిమిషాలంటే ఒక్కోదానికి 34 సెకన్లు. సింప్లిఫికేషన్, నంబర్ సిరీస్ ముందు తీసేయండి. తర్వాత డేటా పట్టిక. పడవలు, పైపులు, భాగస్వామ్యం లాంటివి చివర. 20 వరకు ఎక్కాలు, 30 వరకు వర్గాలు, భిన్నాలకు శాతాలు (ఏడో వంతు 14.28, ఎనిమిదో వంతు 12.5, పదకొండో వంతు 9.09) చూడకుండా రావాలి. ఇవి నోటికి రాకుండా మాక్ టెస్టులు ఎన్ని రాసినా స్కోరు కదలదు.

ప్రిలిమ్స్ మార్కులు ఫైనల్‌లో కలవవు. ఇంటర్వ్యూ లేదు. కాబట్టి ఉద్యోగం ఇచ్చేది మెయిన్స్ ఒక్కటే. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే: ఆరు నెలలు ప్రిలిమ్స్ మాక్‌లు రాసి, ఆ ఫలితం వచ్చాక మెయిన్స్ మొదలుపెడతారు.

2025లో ఐబీపీఎస్ మెయిన్స్‌ను కుదించారు. 155 ప్రశ్నలు, 200 మార్కులు, 120 నిమిషాలు. విభాగాల వారీగా నిమిషానికి ఎన్ని మార్కులో లెక్క కట్టి చూడండి:

జనరల్, ఫైనాన్షియల్ అవేర్‌నెస్: 40 ప్రశ్నలు, 50 మార్కులు, 20 నిమిషాలు. నిమిషానికి 2.5.
రీజనింగ్: 40 ప్రశ్నలు, 60 మార్కులు, 35 నిమిషాలు. నిమిషానికి 1.7.
క్వాంట్ (లెక్కలు): 35 ప్రశ్నలు, 50 మార్కులు, 30 నిమిషాలు. ఇంచుమించు అంతే.
ఇంగ్లీషు: 40 ప్రశ్నలు, 40 మార్కులు, 35 నిమిషాలు. 1.1 మాత్రమే.

రీజనింగ్‌లో ప్రశ్న విలువ ఒకటిన్నర, తప్పు పెడితే పోయేది దాంట్లో నాలుగో వంతు, అంటే 0.375. ప్రిలిమ్స్ అలవాటుతో పావే కదా అని గుడ్డిగా గీకొద్దు.

అవేర్‌నెస్‌లో కూర్చుని ఆలోచించాల్సింది ఏమీ ఉండదు, తెలిస్తే 10 సెకన్లు, తెలియకపోతే వదిలేయడమే. గత ఐదారు నెలల ఆర్థిక వార్తలు, బడ్జెట్, ఆర్‌బీఐ పరపతి విధానం, ఇవి కాక మారని విషయాలు: డిపాజిట్ బీమా 5 లక్షలు, ఆర్‌టీజీఎస్ (పెద్ద మొత్తాలు పంపే పద్ధతి) కనీసం 2 లక్షలు, ప్రాధాన్య రంగ రుణాలు 40 శాతం, జన్‌ధన్ ఓవర్‌డ్రాఫ్ట్ 10,000, సురక్షా బీమా (ప్రమాద బీమా) ఏడాది ప్రీమియం 20 రూపాయలు, జీవన్ జ్యోతికి (జీవిత బీమా) 436. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా ఇనాపరేటివ్, పదేళ్లు ఎవరూ క్లెయిమ్ చేయకపోతే డబ్బు ఆర్‌బీఐ దగ్గరి డీఈఏ ఫండ్‌కు (డిపాజిటర్ల అవగాహన నిధి) పోతుంది. రోజుకు 45 నిమిషాలు మొదటి రోజు నుంచీ పెట్టండి.

ఎస్‌బీఐ మెయిన్స్ దీనికి భిన్నం: 190 ప్రశ్నలు, 200 మార్కులు, 160 నిమిషాలు. అక్కడ రీజనింగ్‌లో కంప్యూటర్ ఆప్టిట్యూడ్ కూడా కలిసి ఉంటుంది.

తుంగభద్ర_తీరం:
తెలుగు మీడియం వాళ్లు తెలుగులో రాయొచ్చా? ఇంకో డౌటు, నేను ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నాను, లాంగ్వేజ్ టెస్ట్ అంటున్నారు కదా, దానికి ఇబ్బందా? మా కజిన్ బెంగళూరులో ఉంటాడు, వాడు కర్ణాటకకు పెట్టొచ్చా?

స్క్రోల్_బుక్:
ఇంగ్లీషు పేపర్ తప్ప మిగతావన్నీ తెలుగులో రాయొచ్చు. మీడియం అప్లికేషన్‌లోనే ఎంచుకోవాలి.

ఎస్‌బీఐలో 10 లేదా 12వ తరగతిలో స్థానిక భాష చదివినట్టు మార్కుల మెమో ఉంటే భాషా పరీక్ష రాయక్కర్లేదు. ఇంటర్‌లో సంస్కృతం ఉన్నా పదో తరగతి మెమోలో తెలుగు ఉంటే చాలు. రెండింట్లోనూ తెలుగు లేనివాళ్లు, అంటే సీబీఎస్ఈలో హిందీ తీసుకున్నవాళ్లలాంటివాళ్లు, చదవడం, రాయడం, మాట్లాడటం, అర్థం చేసుకోవడం చూపించాలి. ఇంట్లో తెలుగే మాట్లాడినా రాయడం దగ్గర దొరికిపోతారు. ఒత్తులు, గుణింతాలు రాకపోతే ముందే కూర్చుని నేర్చుకోండి. 2025 నుంచి ఐబీపీఎస్ కూడా స్థానిక భాషా పరీక్ష పెట్టింది.

మీ కజిన్ కర్ణాటకకు పెట్టొచ్చు, కన్నడం చదవడం రాయడం వస్తేనే. బస్సులో, కూరగాయల కొట్లో సరిపోయే కన్నడం చాలదు.

ఓరుగల్లు_కోట:
గ్రామీణ బ్యాంకును అందరూ చిన్నచూపు చూస్తున్నరు గానీ తెలుగు మీడియమోళ్లకు మొదట పెట్టాల్సింది అదే. ప్రిలిమ్స్‌ల ఇంగ్లీషే లేదు. రీజనింగ్ 40, న్యూమరికల్ 40, మొత్తం 45 నిమిషాలు. మెయిన్స్‌ల 200 ప్రశ్నలు, 200 మార్కులు, రెండు గంటలు. మార్కులు ఇట్ల: రీజనింగ్ 50, న్యూమరికల్ 50, అవేర్‌నెస్ 40, ఇంగ్లీష్ లేదా హిందీ 40, కంప్యూటర్ 20. హిందీ బాగొచ్చినోళ్లకు ఇంగ్లీషు గండం తప్పుతది. కంప్యూటర్ పేపర్ 40 ప్రశ్నలకు 20 మార్కులే అని తేలిగ్గా తీస్కోకండి, కీబోర్డ్ షార్ట్‌కట్లు, ఎంఎస్ ఆఫీస్, నెట్‌వర్కింగ్ పదాలు వారం రోజులల్ల వచ్చేస్తయి.

పావు_మార్కు:
ఓరుగల్లు_కోట గారూ, ఒప్పుకుంటా, ఒక్క మెలిక ఉంది. ప్రిలిమ్స్ తేలికైన చోట కటాఫ్ పైకి పోతుంది. 80లో 60 చేస్తే సరిపోతుందనే ధీమాతో వెళ్లొద్దు. దాదాపు అన్నీ చేసే వేగం ఉంటేనే.

కొండవీటి_వాగు:
చాలా థాంక్స్ అండీ. కేంద్ర జాబితాలో మా కులం ఉంది, చూశాను. చేరాక పని ఏముంటుంది, జీతం ఎంత? కోచింగ్‌కు వెళ్లాలా?

క్యాష్_క్లోజింగ్:
స్కేలు 24,050 నుంచి మొదలై 64,480 దాకా. ఎస్‌బీఐలో డిగ్రీకి రెండు ఇంక్రిమెంట్లు ముందే కలిపి 26,730తో మొదలవుతుంది. దానిమీద డీఏ, స్పెషల్ అలవెన్స్, ఊరిని బట్టి ఇంటద్దె. డీఏ ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరుల్లో మారుతుంది. పెన్షన్ ఎన్‌పీఎస్. ప్రొబేషన్ ఆరు నెలలు. జేఏఐఐబీ (బ్యాంకు ఉద్యోగులు రాసే పరీక్ష) పాసైతే ఇంక్రిమెంట్ ఉంది, ప్రొబేషన్ అవగానే ఆ పుస్తకాలు పట్టుకోండి.

పని అంటే ముందు క్యాష్ కౌంటర్. పాస్‌బుక్, కేవైసీ, చెక్కుల పని ఉన్నా కొత్తవాళ్లను ఎక్కువగా క్యాష్‌లోనే కూర్చోబెడతారు. నియమం ఒకటే: డబ్బు తీసుకునేటప్పుడు ముందు లెక్కపెట్టి తర్వాత ఎంట్రీ, ఇచ్చేటప్పుడు ముందు ఎంట్రీ తర్వాత డబ్బు. ఈ వరుస తిరగబడిన రోజే సాయంత్రం తేడా వస్తుంది.

స్లిప్పు వెనక నోట్ల వివరం కస్టమరే రాయాలి: 500 ఎన్ని, 200 ఎన్ని, 100 ఎన్ని. రాయకుండా ఇస్తే వెనక్కి ఇచ్చేయండి, క్యూలో ఎంతమంది ఉన్నా సరే. మెషిన్ సంఖ్య చెబుతుంది గానీ 500 కట్టలో దూరిన 200 నోటును ప్రతి మెషినూ పట్టుకోదు, కట్ట అంచు పట్టుకుని ఒకసారి చేత్తో తిప్పండి. నోట్ల పొడవు తేడా, రంగు తేడా అక్కడే తెలుస్తుంది. కట్ట మీద చీటీ ఉంది కదా అని బయటి నుంచి వచ్చిన కట్టను 100గా తీసుకోవద్దు. కస్టమర్ ముందే లెక్కపెట్టాలి, ఆయన మెట్లు దిగి వెళ్లాక 98 ఉన్నాయంటే ఎవరూ ఒప్పుకోరు.

పెద్ద మొత్తంలో నగదు జమకు పాన్ అడగాలి. 5,000 కొట్టబోయి 50,000 కొట్టడం, జమకు బదులు ఖర్చు కొట్టడం కొత్తవాళ్ల తప్పులు. వెంటనే చూస్తే అధికారి రివర్స్ చేస్తారు. సాయంత్రం సిస్టం నిల్వా డ్రాయర్‌లో నోట్లూ సరిపోవాలి. తగ్గితే ఆ తేడా క్యాషియరే కట్టాలి. ఎక్కువొస్తే మీ జేబుకు రాదు, విడి ఖాతాలో వేసి యజమాని ఎవరో వెతుకుతారు.

నకిలీ నోటు వస్తే తిరిగి ఇవ్వకూడదు, చించకూడదు. ముద్ర వేసి స్వాధీనం చేసుకుని రసీదు ఇవ్వాలి. ఒకే లావాదేవీలో నాలుగు వరకు ఉంటే నెలాఖరు నివేదికతో పోలీసులకు చెబుతారు, ఐదు, ఆపైన ఉంటే వెంటనే ఎఫ్‌ఐఆర్‌కు పంపాలి. కస్టమర్ గట్టిగా అరుస్తాడని జాలిపడి తిరిగిచ్చేస్తే తప్పు మీ మెడకు చుట్టుకుంటుంది.

పావు_మార్కు:
కోచింగ్ తప్పనిసరి కాదు. బీకాం చదివినవాళ్లకు లెక్కలు పదో తరగతి స్థాయివే. మాక్‌లు మాత్రం డబ్బు పెట్టి కొనుక్కోండి, ప్రతి మాక్‌కూ రాసినంత సేపు విశ్లేషణకు కూడా పెట్టండి. వదిలేసిన ప్రశ్నల్లో 30 సెకన్లలో అయ్యేవి ఎన్ని ఉన్నాయో విడిగా రాసుకోండి. ఆ జాబితా తగ్గుతుంటే మీరు ముందుకు పోతున్నట్టు.

రోల్స్_మీదేనా:
కన్సల్టెన్సీ ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. ప్రభుత్వ బ్యాంకుల్లో ఈ పోస్టు పైన చెప్పిన పరీక్షలతో తప్ప ఎవరి ద్వారానూ రాదు. "లోపల మనిషి ఉన్నాడు" అంటే ఫోన్ పెట్టేయండి.

ప్రైవేటు బ్యాంకుల్లో ఉద్యోగాలు నిజమే, కానీ అడగాల్సినవి అడగండి. ఆఫర్ లెటర్ బ్యాంకు పేరుతోనా, మ్యాన్‌పవర్ ఏజెన్సీ పేరుతోనా? పోస్టు కౌంటర్‌దా, ఖాతాలు తెరిపించే సేల్స్‌దా? పేరు కస్టమర్ సర్వీస్ అనే ఉంటుంది, నెలకు ఇన్ని ఖాతాలు, ఇంత బీమా అని టార్గెట్ పెడతారు. స్థిర జీతం ఎంత, ఇన్సెంటివ్ ఎంత విడివిడిగా రాయించుకోండి. ట్రైనింగ్ ఫీజు కట్టించుకునే కోర్సులు కూడా ఉన్నాయి, ఫీజుకు లోను కూడా వాళ్లే ఇప్పిస్తారు. మధ్యలో మానేస్తే ఆ లోను ఎవరి నెత్తిన పడుతుందో ఒప్పందంలో చదివాకే సంతకం. రిజిస్ట్రేషన్, యూనిఫాం, డిపాజిట్ పేరుతో ముందే డబ్బడిగితే అది ఉద్యోగం కాదు. దరఖాస్తు బ్యాంకు సొంత వెబ్‌సైట్ కెరీర్స్ పేజీలోనే పెట్టండి.

తుంగభద్ర_తీరం:
ఆఖరి ప్రశ్న. ఎడ్యుకేషన్ లోను బాకీ ఉంటే ఉద్యోగం ఇవ్వరంటున్నారు, నిజమా?

మెమో_మాస్టారు:
లోను ఉండటం తప్పు కాదు. ఎగ్గొట్టడం తప్పు. రుణం లేదా క్రెడిట్ కార్డు బాకీ ఎగవేసినట్టు రికార్డు ఉన్నవాళ్లకు ఎస్‌బీఐ నియామకం ఇవ్వదు, ఐబీపీఎస్ బ్యాంకులు కూడా చేరేటప్పుడు సిబిల్ (మీ అప్పుల చరిత్ర చూపే రిపోర్టు) చూస్తాయి. యాప్‌లో తీసుకున్న 3,000 రూపాయల లోను, ఇప్పుడు కొని తర్వాత కట్టే పద్ధతిలో మర్చిపోయిన బాకీ కూడా అందులో కనిపిస్తాయి. ఇప్పుడే రిపోర్టు తీసి చూడండి, ఏడాదికి ఒకసారి ఉచితం. బాకీ ఉంటే పూర్తిగా కట్టి నో డ్యూస్ లెటర్ తీసుకోండి. "సెటిల్డ్" అని కాకుండా "క్లోజ్డ్" అని పడేలా చూసుకోండి, సెటిల్డ్ అంటే కొంత మాఫీ చేయించుకున్నారని లెక్క. రిపోర్టులో మార్పు కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, జాయినింగ్ లెటర్ వచ్చాక మొదలుపెడితే టైము చాలదు.